పాదం మీద రెండు వేళ్ళు

తగలడం లేదు. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సందులోంచి పైకి గీత గీసుకుంటూ వస్తే పాదం నడిమధ్యన ఎముక మీద ఒక చోటుంటుంది, అక్కడ చూపుడువేలు, మధ్యవేలు ఆనించి పెట్టాను, గట్టిగా నొక్కితే నాడి అణిగిపోతుంది, తేలిగ్గా పెడితే అందదు, పదిహేనేళ్ళుగా కొన్ని వేల పాదాల మీద పెట్టిన వేళ్ళివి, నిద్రలో లేపి అడిగినా ఆ చోటు తప్పవు, అయినా తగలడం లేదు. వ్యాను గతుకులో పడి లేచింది. వేళ్ళు జారాయి. మళ్ళీ పెట్టాను. ముందు సీట్లోంచి సార్ "మెల్లగా పోనివ్వవయ్యా, కుదుపులకి కాలు కదులుతుంది" అంటున్నాడు. కాలు కదలకుండా రెండు చెక్కలేసి కట్టింది నేను, కదలదు, తొందరగా పోనివ్వమని చెప్పిందీ నేనే, రెండుసార్లు. డ్రైవరు అద్దంలోంచి నన్నొకసారి, పక్కకి తిరిగి సార్‌నొకసారి చూసి వేగం తగ్గించాడు. ఐదూ పది. ఆట అయిపోయిన జనమంతా రోడ్డు మీదే ఉన్నారు, అద్దాల్లోంచి లోపలికి తొంగి చూస్తున్నారు.

సార్ అంటే ఈ ఫుట్‌బాల్ జట్టుకి ఫిజియోథెరపిస్టు. నేను ఎముకల సర్జన్‌ని, రెండేళ్ళుగా ఈ జట్టు డాక్టర్ని. ఆయన సార్, నేను అమ్మని. ఎవరికైనా గౌరవం పొంగిపొర్లితే మేడమ్‌ని. డాక్టర్ గారూ అనే పిలుపు ఈ జట్టులో పుట్టనే లేదు. ఆయన చేతులు మంచివే, పట్టేసిన కండరాన్ని సాగదీయడం ఎలాగో నేనే ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను, అందుకు సిగ్గుపడలేదు, కానీ నాలుగూ పదికి మైదానంలో ఈ మనిషి కుప్పకూలినప్పుడు ఆయన వెళ్ళి మోకాలు పట్టుకుని చూసి, "చిప్ప జారింది, దానంతటదే మళ్ళీ చోట్లో పడింది, ఏం ఫరవాలేదు" అని చెయ్యి ఊపాడే, అక్కడ మొదలైంది. చిప్ప జారడం వేరు, మోకాలే జారడం వేరు. చిప్ప జారితే నొప్పి, వాపు, ఆరు వారాల విశ్రాంతి. మోకాలే జారి, తొడ ఎముక ఒక దారి, పిక్క ఎముక ఒక దారి పట్టిందంటే వెనక గుంటలో ఉండే పెద్ద రక్తనాళం సాగి చిరుగుతుంది. ఆ ఎముకలు మళ్ళీ వాటంతటవే వచ్చి సర్దుకుంటాయి, పైకి కాలు తిన్నగా, బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. కిందికి రక్తం అందని కాలికి ఆరు గంటలు గడువు. ఆ తర్వాత కాలు తీసెయ్యడమే. నేను గీతకి ఇవతల, కుర్చీల దగ్గర నిలబడి చూశాను, అవతలివాడు వచ్చి గుద్దినప్పుడు కదిలింది చిప్ప కాదు, పిక్క ఎముక మొత్తం వెనక్కి పోయి ముందుకి వచ్చింది. చూశానని మేనేజర్‌తో చెప్పాను. "సార్ చూస్తున్నారు కదమ్మా" అన్నాడు.

ఇదిగో, తగిలింది. వేళ్ళ కింద టక్ టక్ టక్, సన్నగా, కానీ ఉంది, ఉంది, ఊపిరి బిగపట్టాను, ఎడమ చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకున్నాను, అక్కడ కొట్టుకుంటున్నదానికీ పాదం మీద కొట్టుకుంటున్నదానికీ పొంతన కుదరాలి. కుదరలేదు. మణికట్టు దగ్గర నూట పది. పాదం మీద అంతకంటే చాలా ఎక్కువ. అది అతనిది కాదు, నాది. నా వేలికొసల్లో నా నెత్తురే కొట్టుకుంటోంది, నా కోపమే నాకు తగులుతోంది. మొదటి సంవత్సరం విద్యార్థులకి చెప్పే పాఠం ఇది, సొంత నాడిని రోగి నాడి అనుకుని మురిసిపోకండర్రా అని. కోపం తగ్గితే తప్ప అతని నాడి వినపడదు. తగ్గించుకోమంటే తగ్గేదా? ఇవాళ పుట్టిన కోపమా ఇది?

సీనియర్ ప్రొఫెసర్ ఒకాయన ఉండేవాడు, నేను ఎముకల విభాగంలో చేరతానన్న రోజు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఇది వడ్రంగం పనమ్మా, రెక్కల బలం కావాలి, కళ్ళ విభాగంలో సీటుంది చూడు" అన్నాడు. మా నాన్న వడ్రంగి. ఆ మాట ఆయనకి చెప్పలేదు. మా నాన్న బక్కపలచటి మనిషి, రంపం లాగుతుంటే ఆయన భుజం కదిలేది కాదు, మోచెయ్యి ఒక్కటే కదిలేది, నేను చెమటలు కక్కుతూ లాగుతుంటే వచ్చి రంపం లాక్కుని పళ్ళు చూసి, "నీ చేతిది కాదే తప్పు, దీన్ని ఆకురాయి పెట్టాలి" అనేవాడు. ఆ విభాగంలో చేరాక ఒకసారి తుంటి కీలు జారినవాడిని మంచం మీద పడుకోబెట్టి, మోకాలి కింద నా భుజం పెట్టి లేస్తూ ఒక్క మెలికలో కీలు లోపల పెట్టాను, అదే కీలు కోసం అంతకు ముందు ఇద్దరు పహిల్వాన్లలాంటి సీనియర్లు అరగంట వేలాడారు. ప్రొఫెసర్ చూశాడు. "అదృష్టం" అన్నాడు. వాళ్ళకి కుదిరితే నైపుణ్యం, నాకు కుదిరితే అదృష్టం. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా వేసుకునే సీసపు కోటు విభాగం మొత్తానికి ఒకటే కొలత, ఆరడుగుల మగవాడి కొలత, నేను వేసుకుంటే చంకల దగ్గర తలుపుల్లా తెరుచుకుని రొమ్ము పక్కంతా బయటికే ఉండేది. చిన్నది తెప్పించండని అడిగితే నర్సులతో సహా నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు నేనెందుకు నవ్వానో ఇప్పటికీ అర్థం కాదు, తలుచుకుంటే నన్ను నేనే లాగి ఒకటి ఇచ్చుకోవాలనిపిస్తుంది.

"మేడమ్" అన్నాడు గోడ. అతన్ని అందరూ గోడ అంటారు, గోల్‌కీపర్, ఇరవై ఆరేళ్ళవాడు, చేతులు చాచి నిలబడ్డాడంటే బంతి దూరే సందు కనపడదు. "వేళ్ళు ఆడించు" అన్నాను. చెయ్యి వేళ్ళు ఆడించాడు. "కాలివి." అతని ముఖంలో కండరాలన్నీ కదిలాయి, కాలి వేళ్ళు మాత్రం కదల్లేదు. "ఆడుతున్నాయా?" అని అడిగాడు. కొద్దిగా, అన్నాను. అబద్ధం. బొటనవేలి గోరు నొక్కి వదిలాను, తెల్లబడింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఇంకా తెల్లగానే ఉంది. నొప్పికి సూది మందిచ్చాను కాబట్టి ఈ మాత్రం మాట్లాడుతున్నాడు. నేను గదిలోకి వెళ్ళేసరికి ఈ కాలికి తొడ నుంచి మడమ దాకా సాగే గుడ్డతో పట్టీ ఉంది, అందంగా, గవ్వలు పేర్చినట్టు, సార్ చేతి పని, బిగించి కట్టాడు, వాపు రాకూడదని, దాని మీద ఐసు. కత్తెరతో ఒక్కసారిగా చీల్చేశాను. "అయ్యో, ఏంటమ్మా అలా" అన్నాడు.

గదిలోకి. అవును, గదిలోకి. నాలుగూ పదికి అతన్ని మోసుకుని లోపలికి తీసుకెళ్ళారు, నేను వెళ్ళింది నాలుగూ యాభై రెండుకి. మధ్యలో నలభై రెండు నిమిషాలు తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది అది, నేను లోపలికి వెళ్ళకూడదు, ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళే బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంటారు, నేను చూస్తాను. మరి ఈ పద్ధతి ఎవరు పెట్టారు? మేనేజర్ కాదు, సార్ కాదు. నేనే. ఉద్యోగంలో చేరిన రోజు మేనేజర్ చేతులు నలుపుకుంటూ, "కుర్రాళ్ళు కొంచెం ఇబ్బంది పడతారేమోనమ్మా, ఇంతవరకూ ఆడవాళ్ళెవరూ..." అని నీళ్ళు నములుతుంటే నేనే అన్నాను, ఎంత చలాకీగా అన్నానో, "దానిదేముందండీ, బయట ఒక బెంచీ వేయించండి చాలు" అని. ఆయన ముఖం వెలిగిపోయింది. సర్దుకుపోయే మనిషి అని కమిటీకి చెప్పాడట. అంతకు ముందు ఇంటర్వ్యూలో నా కంటే ముందు వెళ్ళినవాడిని మోకాలి స్నాయువుల గురించి ప్రశ్నలడిగారు, నన్ను పిల్లల్ని కనే ఆలోచన ఎప్పుడుందో అడిగారు, దానికీ నవ్వుతూనే జవాబు చెప్పాను. ఎన్ని చోట్ల ఎన్ని బెంచీలు వేయించుకుని కూర్చున్నానో. ఆపరేషన్ నేను చేసి బయటికొస్తే రోగి భార్య నా భుజం మీదుగా చూస్తూ పెద్ద డాక్టరు గారు ఎప్పుడొస్తారమ్మా అంటే, వస్తారు అని చెప్పి వెళ్ళిపోయినదాన్ని.

కూర్చుని ఏం చేశాను ఆ నలభై రెండు నిమిషాలు? మొదటి పది నిమిషాలు, సార్ ఇప్పుడే బయటికొచ్చి పిలుస్తాడు అనుకున్నాను. తర్వాత మేనేజర్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. తలుపు రెండుసార్లు తట్టాను, "ఒక్క నిమిషం మేడమ్, కుర్రాళ్ళు స్నానాల్లో ఉన్నారు" అన్నారెవరో. ఆట సగంలో స్నానాలేమిటి? ఆ ప్రశ్న కూడా వేసుకోలేదు. చెప్పులోపల కాలివేళ్ళు ముడుచుకుని, మర్యాదగా, చేతిలో సంచీతో, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ చుట్టంలా కూర్చున్నాను. చివరికి ఐసు బకెట్ మోసే పనాయన తలుపు తీసుకుని బయటికొచ్చి, తనలో తను గొణుక్కుంటున్నట్టు, "ఇంకా ఐసు తెమ్మంటున్నారు, ఆ పాదం ముందే చల్లబడిపోయింది, ఐసు తగలని చోట కూడా" అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకి ఏ పట్టా అక్కర్లేకపోయింది. నేను లేచి ఆయన్ని తోసుకుని లోపలికి వెళ్ళాను. లోపల ఒక్కడంటే ఒక్కడు బట్టల్లేకుండా లేడు. ఆటలో దిగని కుర్రాళ్ళంతా మెడదాకా జిప్పులేసుకుని నిలబడ్డారు.

సార్ ఫోన్ మోగింది. మాట్లాడి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "మేనేజర్ గారమ్మా" అన్నాడు. "ఆస్పత్రిలో టైము అడుగుతారట కదా. ఐదింటికి తగిలిందని చెప్పమంటున్నారు. ఆట చివర్లో అని." నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "మీ కోసమేనమ్మా" అన్నాడు సార్, ఆయన కళ్ళల్లో నిజంగానే బెదురు ఉంది, "మీరు అక్కడే ఉండి చూడలేదని బయటపడితే మాట మీ మీదికే వస్తుంది. నా మీదికీ వస్తుందనుకోండి." వస్తుంది. నాకు తెలుసు ఎలా వస్తుందో. ఆడ డాక్టర్ని పెట్టుకుంటే ఇదే తంటా, లోపలికి రాలేదు, బయట కూర్చుని కాలు పోగొట్టింది అంటారు. ఒక మగ డాక్టరు తప్పు చేస్తే ఆ ఒక్కడి ఉద్యోగం పోతుంది, నేను తప్పు చేస్తే నా వెనక రాబోయే పదిమంది అమ్మాయిల ఉద్యోగాలు పోతాయి, పోయిన నెల ఒక అమ్మాయి ఫోన్ చేసి ఆటల వైద్యంలోకి రావాలనుంది మేడమ్, ఎలా ఉంటుంది అని అడిగింది, బాగుంటుంది రా అన్నాను. ఐదింటికి తగిలిందంటే ఎవరూ అడగరు. ఎవరికీ ఏమీ కాదు. కానీ ఇందాక నేను ఫోన్ చేస్తే ఆస్పత్రిలో రక్తనాళాల సర్జన్ ఏమన్నాడు? "టైము పక్కాగా చెప్పండి. ఇప్పుడే తగిలిందంటే స్కాన్ తీయించి, ఎక్కడ చిరిగిందో చూసుకుని దిగుతాను. ఆలస్యమైందంటే స్కాన్‌కి గంట పోగొట్టుకోలేను." మేనేజర్ మింగేద్దామంటున్న ఆ యాభై నిమిషాలు గాల్లోంచి రావు, ఈ పిక్కలోంచి వస్తాయి, లోపల కండరం వేరుశనగ పిక్కంత వేరుశనగ పిక్కంతగా చచ్చిపోతూ ఉంటుంది. అయినా నేను వెంటనే కుదరదని చెప్పలేదు. ఆలోచించాను. ఎర్రదీపం దగ్గర వ్యాను ఆగి ఉన్నంతసేపూ ఆలోచించాను. ఇది కూడా రాసుకోవాలి ఎక్కడైనా.

"నేను పిలిచాను మేడమ్" అన్నాడు గోడ. కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఏమిటన్నాను. "లోపల్నించి. కాలు తిమ్మిరెక్కుతోందని. మేడమ్ మేడమ్ అని మూడుసార్లు అరిచాను. మావాళ్ళంతా నవ్వారు."

విన్నాను. దేవుడా, నేను విన్నాను. ఆ గదిలో ఒక ఆట ఉంది. కొత్తగా ఎవరైనా జట్టులో చేరితే, వాడు తువ్వాలు చుట్టుకుని ఉన్న సమయం చూసి, ఎవరో ఒకరు "మేడమ్! మేడమొచ్చింది!" అని కేక పెడతారు, వాడు బల్లల కిందా బీరువాల వెనకా దూరతాడు, మిగతావాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. రెండేళ్ళుగా తలుపుకి ఇవతల కూర్చుని ఎన్నిసార్లు విన్నానో, మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైంది, ఇంకా తర్వాత వాళ్ళు మెచ్చుకుంటారని నేను కూడా బయటికొచ్చిన కొత్తవాడితో, దాక్కున్నావా అని హాస్యమాడేదాన్ని. ఆ ఆట కనిపెట్టింది గోడే. అందరికంటే బాగా అరిచేదీ అతనే. అందుకే ఇవాళ అతను ప్రాణభయంతో పిలిస్తే లోపలివాళ్ళు నవ్వారు, బయట నేను, వీళ్ళకిక బుద్ధి రాదు, దెబ్బ తగిలినా వేళాకోళమే అనుకుని ఫోన్ చూసుకున్నాను. చిన్నగా నవ్వాను కూడా. ఆ నవ్వు నాకు గుర్తుంది. సీసపు కోటు దగ్గర నవ్విన నవ్వే అది.

"ఎందుకు రాలేదు?" అన్నాడు. నిలదీసినట్టు కాదు, తెలుసుకుందామని అడిగినట్టు. వాళ్ళు రానివ్వలేదు అందామనుకున్నాను. అది నిజమే. నోటి చివరిదాకా వచ్చింది. "వేళాకోళం అనుకున్నాను" అన్నాను. అతను కళ్ళు తెరిచి వ్యాను పైకప్పు చూశాడు. "నేనైనా అలాగే అనుకునేవాణ్ణి" అన్నాడు. కాసేపటికి అతని కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి, నొప్పికి కాదు, నొప్పి తెలియకపోవడం మొదలైనందుకు. నేను అతన్ని ఓదార్చలేదు. నాకు అతని మీద కూడా కోపంగానే ఉంది. అతని మీద, సార్ మీద, మేనేజర్ మీద, ప్రొఫెసర్ మీద, అన్నిటికంటే ఎక్కువగా, చలాకీగా ఒక బెంచీ చాలన్న ఆ పిల్ల మీద, ఆ పిల్ల ముఖం మీద అతికించుకున్న ఆ నవ్వు మీద. ఆ కోపాన్ని ఎక్కడా దించుకోకుండా అలాగే పట్టుకుని, వేళ్ళు మాత్రం తేలిక చేశాను, రంపం పట్టుకున్నప్పుడు నాన్న మోచెయ్యిలాగా మిగతా ఒళ్ళంతా వదిలేసి. నా నాడి వెనక్కి తగ్గింది. వేళ్ళ కింద ఏమీ లేదు. నిశ్శబ్దం. ఇది కనీసం నిజం.

ఐదూ నలభై రెండు. వ్యాను ఆగగానే తలుపులు తెరుచుకున్నాయి. పచ్చటి దుస్తుల్లో రక్తనాళాల సర్జన్, స్ట్రెచర్, ఇద్దరు నర్సులు. ఆయన కాలు చూడకుండానే, జట్టు కోటు వేసుకుని ముందు దిగిన సార్ దగ్గరికి పోయి, "డాక్టర్ గారూ, ఎప్పుడు తగిలింది?" అన్నాడు. సార్ నోరు తెరిచాడు. నావైపు చూశాడు. ఆయన పెదవుల మీద ఐదు అనే అంకె కదులుతుండడం కనిపించింది.

"నాలుగూ పదికి" అన్నాను వ్యానులోంచే. "డాక్టర్ని నేను. గంటా ముప్పై రెండు నిమిషాలైంది. మోకాలి కీలు పూర్తిగా జారి సర్దుకుంది, పాదంలో నాడి లేదు, వేళ్ళు ఆడడం లేదు. మొదటి నలభై రెండు నిమిషాలు ఏ డాక్టరూ ముట్టుకోలేదు. నేను గది బయట కూర్చుని ఉన్నాను. రాసుకోండి."

సర్జన్ ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత గోరు నొక్కాడు, వదిలాడు. "స్కాన్ వద్దు, థియేటర్‌కి పట్టండి" అని నర్సులకి చెప్పి, నాతో, "మా ఎముకల ఆయన ఊళ్ళో లేడు. ముందు మోకాలు కదలకుండా కడ్డీలు బిగించాలి, లేకపోతే నేను కుట్టింది తెగుతుంది. ఎంతసేపు పడుతుంది మీకు?" అన్నాడు. "పావుగంట" అన్నాను. సార్ వెనక నుంచి, ఎందుకో తెలీదు, "పన్నెండు నిమిషాల్లో బిగించేస్తారు సార్, నేను చూశాను" అన్నాడు.

స్ట్రెచర్ పరుగెత్తింది. వసారా పొడుగునా నేనూ పరుగెత్తాను, వేళ్ళు పాదం మీదే ఉన్నాయి, తియ్యలేదు, తీస్తే ఏదో తెగిపోతుందన్నట్టు. గోడ తల ఎత్తి నన్ను వెతుక్కున్నాడు, ఉన్నానన్నాను. థియేటర్ తలుపు దగ్గర నీలం టోపీ పెట్టుకున్న మనిషి అడ్డంగా చెయ్యి పెట్టాడు. పాపం, ఆయన రోజూ చేసే పనే, ఎంత మెత్తగా చెప్పాడో.

"అమ్మా, మీరు బయట కూర్చోండి."

"కూర్చోను" అన్నాను.